ఉపరితలానికి జీవగుణం – నాలుగో పాఠం: డోపమైన్‌తో ఆధార పూత

రక్తం గానీ సీరం గానీ తగిలిన కొన్ని సెకన్లలోనే ఏ ఉపరితలం మీదనైనా ప్రోటీన్లు చేరతాయనీ, ఆ తరువాత వచ్చే కణాలూ బ్యాక్టీరియా ఎదుర్కొనేది అసలు పదార్థాన్ని కాదు, ఆ ప్రోటీన్ పొరనేననీ గత పాఠంలో తెలుసుకున్నాము. ఆ పొరను అదుపు చేసే పాలిమర్లు చాలానే ఉన్నాయి. చిక్కేమిటంటే, గాజుకు పట్టే పూత టెఫ్లాన్‌కు పట్టదు. అందుకని ముందుగా దేనికైనా పట్టే ఆధార పూతను వేయడం నేర్చుకుందాము.

సముద్రపు రాళ్లను కరచుకొని ఉండే మసెల్ అనే ఆల్చిప్ప జాతి జీవి జిగురు ప్రోటీన్లలో డోపా, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు సమృద్ధిగా ఉంటాయి. డోపాలోని కేటెకాల్, లైసిన్‌లోని అమైన్ అనే రసాయన సమూహాలు రెండూ డోపమైన్ అనే ఒక్క చిన్న అణువులోనే ఉన్నాయి. హేషిన్ లీ, ఫిలిప్ మెసర్‌స్మిత్ తదితరులు 2007లో సైన్స్ పత్రికలో దీని ఆధారంగానే, డోపమైన్ అణువులు గాలిలోని ఆక్సిజన్‌తో ఆక్సీకరణ చెంది ఒకదానికొకటి కలిసి ఏర్పడే పాలీడోపమైన్ పూతను వెల్లడించారు.

100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 0.121 గ్రాముల ట్రిస్ (క్షార గుణమున్న ఒక పొడి) కరిగిస్తే 10 మిల్లీమోలార్ బఫర్, అంటే పిహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం, వస్తుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చుక్క చుక్కగా కలుపుతూ పిహెచ్‌ను 8.5కు దించండి. ఇక్కడ తొందర పనికిరాదు. ట్రిస్ బఫర్ పిహెచ్, ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ సుమారు 0.028 చొప్పున తగ్గుతుంది. అంటే 25 డిగ్రీల దగ్గర 8.5 ఉన్న ద్రావణం 40 డిగ్రీల దగ్గర దాదాపు 8.1కి పడిపోతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండాకాలంలో ఏసీ లేని ప్రయోగశాలకు ఇది నిజమైన సమస్య. వేడి డోపమైన్ ఆక్సీకరణ చర్యను వేగిరపరుస్తుంది, తగ్గిన పిహెచ్ మందగింపజేస్తుంది. ఫలితంగా ఒక రోజు వచ్చిన మందం మరో రోజు రాదు. కనుక పూత వేసే ఉష్ణోగ్రత వద్దనే పిహెచ్ సరిచూసి, ఆ ఉష్ణోగ్రతను నోటుపుస్తకంలో రాసుకోండి.

శుభ్రపరచిన గాజు స్లైడు ఒకటి, ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు ముడతలు లేకుండా చుట్టిన స్లైడు ఒకటి సిద్ధం చేసుకోండి. 50 మిల్లీలీటర్ల బఫర్‌లో 100 మిల్లీగ్రాముల డోపమైన్ హైడ్రోక్లోరైడ్‌ను, చేతి తొడుగులు ధరించి, అప్పటికప్పుడే కలపాలి. మందుల షాపులో దొరికే డోపమైన్ ఇంజెక్షన్‌లో సాధారణంగా ఆక్సీకరణను ఆపే సోడియం మెటాబైసల్ఫైట్ ఉంటుంది; మనకు కావలసింది ఆక్సీకరణే కాబట్టి అది పనికిరాదు. గాలి ఆడాలి గనుక పాత్రకు గట్టి మూత పెట్టకండి, మెల్లగా కదుపుతూ ఉండండి. స్లైడ్లను నిలువుగానే ఉంచాలి. పడుకోబెడితే ద్రావణంలో ఏర్పడిన నలుసులు పైన పేరుకొని, పూతలాగా కనిపించి మోసగిస్తాయి. టెఫ్లాన్‌కు గాలి బుడగ అంటుకున్న చోట తెల్లని మచ్చ మిగులుతుంది. మొదటి అరగంట కనిపెట్టి చూస్తూ బుడగలను వదిలించండి.

ద్రావణం మొదట లేత రంగుకు తిరిగి, క్రమంగా చిక్కటి టీ డికాక్షన్‌లా మారి, చివరకు నల్లబడుతుంది. 24 గంటలకు మందం సుమారు 50 నానోమీటర్ల వరకు చేరుతుంది. చివరి కడుగుడు కూడా డిస్టిల్డ్ వాటర్‌తోనే జరగాలి. మన బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఆరాక మరకలు కట్టి, తరువాతి కొలతను పాడుచేస్తాయి.

పరీక్ష సులువు. స్లైడు మీద ఒక నీటి చుక్క వేసి, మొబైల్‌ను చుక్క ఎత్తులోనే పక్కనుంచి పెట్టి ఫోటో తీయండి. పూతకు ముందు శుభ్రమైన గాజు మీద చుక్క పరచుకుంటుంది, టెఫ్లాన్ మీద గుండ్రంగా నిలుస్తుంది. పూత తరువాత గాజు మీది స్పర్శకోణం (చుక్క అంచు ఉపరితలంతో చేసే కోణం) పెరిగి, టెఫ్లాన్ మీదిది బాగా తగ్గి, రెండూ దగ్గరకు రావాలి. టెఫ్లాన్ మీద చుక్క ఇంకా గుండ్రంగానే ఉంటే పూత పట్టనట్టే. గాజు ఎంత నల్లగా కనిపించినా దాన్ని చూసి తృప్తి పడకండి.

వచ్చే పాఠంలో ఈ పూత మీద, ప్రోటీన్లను దూరంగా ఉంచే పాలీఇథిలీన్ గ్లైకాల్ గొలుసులను అతికిస్తాము. దానికి చివర అమైన్ లేదా థయోల్ (గంధకం ఉన్న సమూహం) ఉన్న రకమే కావాలి, ముందుగానే తెప్పించుకోండి. స్లైడ్లను మాత్రం ఆ పాఠానికి ముందు రోజు కొత్తగా తయారు చేసుకోండి.