వండర్ ఉమన్ ఎవరి బిడ్డ? పిల్లలకు ఆ పుట్టుక కథ చెప్పే పద్ధతి

వండర్ ఉమన్ అమెరికా కామిక్స్‌లోని వీరనారి, అసలు పేరు డయానా. తల్లి హిప్పోలిటా, అమెజాన్లనే యోధ స్త్రీల రాణి. చిక్కంతా తండ్రి దగ్గరే. 1942 నాటి కామిక్‌లో ఆమెకు తండ్రే లేడు, తల్లి మట్టితో చేసుకున్న బిడ్డ. 2011లో వచ్చిన కామిక్‌లో తండ్రి గ్రీకు దేవతల రాజు జ్యూస్. రెండూ కలిపి చెబితే పిల్లలు మధ్యలోనే పట్టేస్తారు. బడిలో గానీ, ఊరి గ్రంథాలయంలో గానీ ఈ కథ చెప్పాలనుకుంటే ఏ సంవత్సరం కథ చెబుతున్నారో ముందే తేల్చుకోండి. మొదటి మాటలోనే ఆ సంవత్సరం చెప్పండి.

నల్లగొండ, పాలమూరు దిక్కు దీనికి మంచి కాలం వినాయక చవితికీ సద్దుల బతుకమ్మకూ నడుమ రోజులు. అప్పటికే పిల్లల చేతులకు మట్టి వినాయకుణ్ణి చేసిన అలవాటు ఉంటుంది. పార్వతి నలుగుపిండితో బొమ్మ చేసి ప్రాణం పోసిన కథ విని ఉంటారు. దేవతలు తలో ఆయుధం ఇచ్చి దుర్గను మహిషాసురుడి మీదికి పంపిన కథ కూడా ఆ రోజుల్లోనే వింటారు. డయానా పుట్టుకలో ఉన్నవి సరిగ్గా ఈ రెండే: మట్టి బొమ్మకు ప్రాణం, దేవతల వరాలు. కొత్తగా నేర్పాల్సింది పేర్లు మాత్రమే.

మొదటి రోజు మట్టి కథ

రెండు రోజులు పెట్టుకోండి, రోజుకు నలభై నిమిషాలు చాలు. తొమ్మిదేండ్లు దాటిన పిల్లలు ఇరవై మంది దాకా ఉంటే బాగుంటుంది. అంతకు మించితే మట్టి పని చేతికి అందదు.

మట్టి సంగతి ముందు రోజే చూసుకోవాలి. నల్లరేగడి వద్దు. అది తడికి బాగా ఉబ్బి, ఆరేటప్పుడు అంతే కుంచించుకుపోతుంది, బొమ్మ నిలువునా పగులుతుంది. చెలక నేలల ఎర్రమట్టిలో ఇసుక పాలు ఎక్కువ, వేళ్ల మధ్య నిలవదు. చెరువు ఒండ్రు మట్టి సరైనది. రాళ్లు, వేర్లు ఏరి, జల్లించి, రాత్రంతా నానబెట్టండి. పొద్దున నీళ్లు వంచేసి, నాలుగు పాళ్ల మట్టికి ఒక పాలు సన్న ఇసుక కలిపి పిసకండి. పిల్లకు 400 గ్రాముల చొప్పున ఇరవై మందికి 8 కిలోల తడి మట్టి పడుతుంది, తరుగుతో కలిపి 10 కిలోలు ఉంచుకోండి.

బొమ్మ జానెడు కన్నా తక్కువ, 10-12 సెంటీమీటర్లు ఉంటే చాలు. లోపల చీపురుపుల్ల పెట్టనివ్వకండి. మట్టి ఆరుతూ కుంచించుకుంటుంది, పుల్ల కుంచించుకోదు, అందుకే మెడ దగ్గర పగులు వస్తుంది. తల విడిగా చేసి అతికించేవాళ్లు రెండు వైపులా గీతలు గీసి, పలుచటి మట్టి నీళ్లు పూసి అదమాలి. ఉత్తగా అంటిస్తే ఆరాక ఊడిపోతుంది. ఎండలో పెడితే పైపొర ముందే ఆరి చీలుతుంది కాబట్టి నీడలో మూడు నాలుగు రోజులు ఆరనివ్వండి.

చేతులు మట్టిలో ఉండగానే కథ మొదలుపెట్టండి. డయానా మొదట కనిపించింది 1941 చివర వచ్చిన ఆల్ స్టార్ కామిక్స్ 8వ సంచికలో. రాసింది విలియం మౌల్టన్ మార్స్టన్, బొమ్మలు వేసింది హెచ్. జి. పీటర్. పుట్టుక వివరాలు మాత్రం 1942 వేసవిలో వచ్చిన వండర్ ఉమన్ 1వ సంచికలో తెలిశాయి. అందులో అమెజాన్ స్త్రీలను కూడా దేవత ఆఫ్రొడైటీయే మట్టితో చేసింది. గ్రీకు వీరుడు హెర్క్యులెస్ మోసం చేసి హిప్పోలిటా నడుముకున్న మహిమగల పట్టీ కాజేశాడు, స్త్రీలందరికీ సంకెళ్లు వేశాడు. ఆఫ్రొడైటీ సాయంతో వాళ్లు తప్పించుకుని మగవాళ్లు లేని దీవికి చేరారు. డయానా చేతి కడియాలు ఆ బందీ బతుకుకు గుర్తు. ఈ ముక్క వదలకండి, తుపాకీ గుళ్లను కొట్టిపారేసే ఆ కడియాల మీద పిల్లలకు ఎక్కడలేని మక్కువ. దీవిలో రాణికి బిడ్డ కావాలనిపించింది. బొమ్మ మలిచే విద్య ఎథీనా నేర్పింది, ప్రాణం ఆఫ్రొడైటీ పోసింది, చంద్రదేవత పేరు బిడ్డకు పెట్టారు.

ఈ మట్టి కథకే రెండో పాఠం 1987 నాటి కామిక్‌లోది, జార్జ్ పెరెజ్ బొమ్మలతో వచ్చింది. మట్టి అలాగే ఉంది, వరాలు పెరిగాయి. పన్నెండేండ్లు దాటినవాళ్లకైతే లోపలి కారణమూ చెప్పొచ్చు: పూర్వం మగవాళ్ల చేతిలో చనిపోయిన స్త్రీల ఆత్మలే అమెజాన్లుగా మళ్లీ పుట్టాయి. హిప్పోలిటా చనిపోయినప్పుడు గర్భవతి, ఆ పుట్టని బిడ్డ ఆత్మే మట్టిబొమ్మలోకి వచ్చింది. చిన్నవాళ్లకు ఇది బరువు, వదిలేయండి.

వరాల ఘట్టం ఆడించి చూపించండి, వట్టి మాటలతో నిలవదు. ఆరుగురు పిల్లలు వరుసగా వచ్చి బొమ్మ ముందు ఒక్కో వస్తువు పెట్టాలి. డెమీటర్ పంటల దేవత, ఆమె ఇచ్చింది భూమికున్నంత బలం: గుప్పెడు జొన్నలు. ఎథీనా ఇచ్చింది వివేకం: పుస్తకం. ఆర్టెమిస్ ఇచ్చింది వేటకత్తె చూపు, జంతువులతో చెలిమి: రాలిన ఈక. ఆఫ్రొడైటీ ఇచ్చింది అందం, ప్రేమించే గుండె: తంగేడు పువ్వు. హెస్టియా ఇచ్చింది నిప్పుతో అక్కచెల్లెలి బంధం, మనుషుల గుండెలు నిజానికి తెరుచుకునేలా చేసే శక్తి: వెలిగించని ప్రమిద. ఆరోవాడు హెర్మెస్, వేగమూ ఎగిరే శక్తీ ఇచ్చినవాడు: చెప్పుల జత. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే, జ్యూస్‌ను కూడా ఈ వరుసలో నిలబెట్టడం. ఈ పాఠంలో వరాలు ఇచ్చింది ఐదుగురు దేవతలు, ఒక దేవుడు, అంతే.

రెండో రోజు తండ్రి కథ

2011లో బ్రయన్ అజరెల్లో, క్లిఫ్ చాంగ్ తెచ్చిన కథలో మట్టి ముచ్చట అబద్ధమని తేలుతుంది. జ్యూస్‌కూ హిప్పోలిటాకూ పుట్టిన బిడ్డ డయానా. జ్యూస్ భార్య హీరా కోపం నుంచి బిడ్డను కాచుకోవడానికి తల్లి ఆ మట్టి కథ అల్లింది. నిజం తెలిశాక హీరా హిప్పోలిటాను బొమ్మగా, అమెజాన్లను పాములుగా మార్చేస్తుంది. తల్లి దాచిన పుట్టుక అనగానే పిల్లలకు కుంతి, కర్ణుడు గుర్తొస్తారు, రానివ్వండి. తేడా మాత్రం చెప్పాలి: కుంతి బిడ్డనే దాచింది, హిప్పోలిటా బిడ్డను పక్కనే ఉంచుకుని తండ్రిని దాచింది.

2017 సినిమా కూడా జ్యూస్‌నే తండ్రి అంటుంది. సినిమా చూసిన పిల్లలకు ఇదే అసలు కథ అనిపించడం సహజం. అయినా మా ఎంపిక మట్టి కథే. అందులో బిడ్డ ఒక తల్లి కోరికతో పుట్టింది, శక్తి పలువురి చేతుల నుంచి వచ్చింది. తండ్రి పేరు రాగానే ఆ శక్తంతా వారసత్వం లెక్కలోకి పోతుంది.

వంశవృక్షం గీయించేటప్పుడు కన్నవాళ్లకు ఎర్ర గీత, వరం ఇచ్చినవాళ్లకు పచ్చ చుక్కల గీత వాడండి. ఒక్కో సంవత్సరం కథకు ఒక్కో చార్టు, ఒకే కాగితం మీద రెండు వద్దు. కారణం ఆరెస్. పాత గ్రీకు పురాణంలో హిప్పోలిటా యుద్ధదేవుడు ఆరెస్ కూతురు, ఆ లెక్కన అతను డయానాకు తాత. సినిమాలో ఆరెస్ కూడా జ్యూస్ కొడుకే, అంటే అన్న. కలిపి గీస్తే ఒకే మనిషి తాతా అవుతాడు, అన్నా అవుతాడు. తొలి కామిక్స్‌లో యుద్ధదేవుడి పేరు మార్స్, అది ఆరెస్‌కే రోమన్ పేరు. ఇద్దరిని గీయకండి.

గ్రీకు పురాణాల్లో డయానా అనే అమెజాన్ రాకుమారి లేనే లేదు. హిప్పోలిటా పట్టీ తేవడం హెరాక్లీస్ (హెర్క్యులెస్‌కే గ్రీకు పేరు) చేసిన సాహస కార్యాల్లో తొమ్మిదోది, చాలా కథనాల్లో ఆమె అతని చేతిలోనే చనిపోతుంది. మట్టి బిడ్డకు దగ్గరి చుట్టం పాండోరా: కమ్మరి దేవుడు హెఫెస్టస్ మట్టీ నీళ్లూ కలిపి మలిచాడు, దేవతలందరూ తలో కానుక ఇచ్చారు. ఆమెను పంపింది మనుషులను శిక్షించడానికి, డయానా పుట్టింది తల్లి మురిపానికి. పెద్ద పిల్లలతో ఈ తేడా మీద పది నిమిషాలు మాట్లాడించండి, మాటలు బాగా వస్తాయి.

పోలికలు ఎంత పనికొచ్చినా డయానాను జోగులాంబతోనో ఎల్లమ్మతోనో ఒకటి చేయకండి. వాళ్లు ఇళ్లల్లో పూజలందుకునే తల్లులు, ఈమె కథలో పాత్ర. “పుట్టిన తీరు వినాయకుని తీరు లాంటిది” అంటే ఏ పెద్దమనిషీ అడ్డు చెప్పడు.

“ఆమె దేవతనా, మనిషినా?” అని చివర తప్పక అడుగుతారు. జవాబు మళ్లీ చార్టు మీదున్న సంవత్సరాన్ని బట్టే ఇవ్వాలి. 1942 చార్టు అయితే అమెజాన్, తల్లి చేతి మట్టికి దేవత పోసిన ప్రాణం. 2011 చార్టు అయితే సగం దేవత. 2013లో యుద్ధదేవుణ్ణి తన చేతులతో చంపాల్సి వచ్చాక అతని పదవి కూడా ఆమెకే వస్తుంది.