కంకర దారిలో సైకిల్ ఇబ్బంది పెడుతోందా? టైరు మార్చాలా, సైకిలే మార్చాలా

అనంతగిరి కొండల మట్టిబాటలకో, ఊరి చెరువుకట్ట మీదికో సైకిల్ తీసుకెళ్ళిన చాలామంది వారం తిరక్కుండానే ఇంకో సైకిల్ కోసం వెతకడం మొదలుపెడతారు. తొందరపడకండి. టైరు, గాలి, సీటు సరిచేస్తే తీరే సమస్యలు కొన్ని ఉంటాయి. ఫ్రేములోనే ఉన్న సమస్యలు ఇంకొన్ని, వాటికి ఎంత ఖర్చుపెట్టినా లాభం లేదు. ముందు ఏది ఏదో తేల్చుకోవాలి.

చేతులు అదురుతున్నాయి, కంకర మీద ముందు చక్రం జారుతోంది

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: సన్నటి టైరు, అందులో మరీ ఎక్కువ గాలి. 32 మి.మీ. వెడల్పు టైరులో షాపువాళ్ళు 70 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా కొట్టేస్తారు. తారురోడ్డు మీద అది బాగానే ఉంటుంది. కంకర మీద మాత్రం గట్టి టైరు రాయిని పట్టుకోదు, ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి ఎగురుతుంది. ఆ ఎగిరిన క్షణంలో మీ చేతిలో పట్టూ ఉండదు, బ్రేకూ ఉండదు.

ముందు గాలి తగ్గించి చూడండి. 70 కిలోల మనిషికి 40 మి.మీ. టైరు, లోపల ట్యూబు ఉంటే 35 నుంచి 40 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టవచ్చు. వెనక చక్రం కన్నా ముందు దాంట్లో రెండు మూడు పీఎస్ఐ తక్కువ ఉంచండి. రాయి తగిలినప్పుడు రిమ్ము ఠక్కుమంటే గాలి మరీ తగ్గిందని అర్థం, కాస్త పెంచండి. టైరు సన్నదైతే ఇంత తగ్గించకూడదు. 32కి 35 పీఎస్ఐ పెడితే రిమ్ము సొట్టపోవచ్చు.

అందుకే అసలు ప్రశ్న వెడల్పు. మామూలు కంకరకి 40 మి.మీ. చాలు, రాళ్ళు తేలిన బాటకి 45 నుంచి 50 కావాలి. ఫోర్కులోనూ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ మధ్య), వెనక చక్రం పక్కనున్న గొట్టాల మధ్యా ఎంత చోటుందో స్కేలు పెట్టి కొలవండి. టైరుకి అటూ ఇటూ కనీసం 6 మి.మీ. ఖాళీ మిగలాలి. వానాకాలంలో నల్లరేగడి దారుల్లో తిరిగేవాళ్ళకి అదీ చాలదు, మట్టి పట్టేసి చక్రం తిరగనే తిరగదు. 40 మి.మీ. టైరు పట్టనంటోందా? ఆ సైకిల్ ఈ దారికి పనికిరాదు, దాని మీద ఇక డబ్బు పెట్టకండి.

ఎప్పుడూ పంక్చరే

ట్యూబు తీసి రంధ్రం చూడండి. పక్కపక్కన రెండు చీలికలుంటే ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగింది: గాలి పెంచాలి, లేదా వెడల్పు టైరు వేయాలి. సూది మొనంత రంధ్రం ఒక్కటే ఉంటే అది తుమ్మముల్లో, పల్లేరుకాయో. టైరు లోపలంతా గుడ్డతో తుడిచి, ముల్లు దొరికేదాకా వెతికి, ఆ తరవాతే కొత్త ట్యూబు వేయండి.

ముళ్ళకి నిజమైన మందు ట్యూబ్‌లెస్ టైరు. చిన్న రంధ్రాలని లోపల పోసే సీలెంట్ అనే ద్రవం అక్కడికక్కడే మూసేస్తుంది. కొనేటప్పుడే రిమ్ము ట్యూబ్‌లెస్‌కి సరిపోతుందా అని అడగండి. మన ఎండలకి సీలెంట్ త్వరగా ఎండిపోతుంది కాబట్టి రెండు నెలలకోసారి చూసుకుంటూ ఉండాలి. సన్నటి వాల్వు ఉంటే పల్లెటూళ్ళ పంక్చర్ షాపు పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్, చేతిపంపు, ఒక ట్యూబు సంచిలో పెట్టుకోండి.

ఎక్కుడు రాగానే దిగి నడవాల్సి వస్తోంది

గేరు పళ్ళు లెక్కపెట్టండి. పెడళ్ళ దగ్గరి చిన్న పళ్ళచక్రానికి 34, వెనక చక్రం దగ్గరి పెద్దదానికి 28 ఉంటే అది రోడ్డు గేరు. తారు మీదైతే లేచి నిలబడి తొక్కేయొచ్చు. వదులు కంకర మీద నిలబడితే వెనక చక్రం మీద బరువు తగ్గి అక్కడే జారి తిరుగుతుంది. కూర్చునే ఎక్కాలంటే వెనక పళ్ళు ముందువాటితో సమానంగానో, ఎక్కువగానో ఉండాలి. వెనక పెద్ద క్యాసెట్ (పళ్ళచక్రాల గుత్తి) వేయించవచ్చు, కానీ డిరైలర్ (చైనుని గేరు మార్చే పరికరం) ఎన్ని పళ్ళదాకా ఒప్పుకుంటుందో ముందే కనుక్కోండి.

సస్పెన్షన్ ఉన్నా సుఖం లేదు

తక్కువ ధర సైకిళ్ళలో వచ్చే స్ప్రింగు ఫోర్కు బరువు పెంచుతుంది, తొక్కినప్పుడల్లా ఊగుతుంది, చిన్న రాళ్ళ అదురుని మాత్రం ఆపదు. అదే డబ్బుకి మామూలు ఫోర్కు, వెడల్పు టైర్లు ఉన్న సైకిల్ మేలని నా గట్టి నమ్మకం. వెనక కూడా స్ప్రింగున్న చవక సైకిల్ జోలికి అసలు వెళ్ళొద్దు. బండరాళ్ళ మెట్లు, చెట్ల వేళ్ళు ఉన్న ట్రెయిల్ మీదే ఎక్కువ తిరుగుతారా? అప్పుడు 100 నుంచి 120 మి.మీ. దాకా కుంగే ఎయిర్ ఫోర్కు (స్ప్రింగు బదులు గాలితో పనిచేసేది), 2.2 అంగుళాల టైర్లు ఉన్న హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న సైకిల్) తీసుకోండి. కంకర దారులకి చేసిన గ్రావెల్ బైకుతో అక్కడ సరిపెట్టుకోలేరు.

వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి

సీటు ముక్కు కిందికి వంగి ఉందేమో చూడండి, బరువంతా అరచేతుల మీద పడుతుంది. సమంగా పెట్టండి. హ్యాండిల్ మరీ దూరమైతే పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) వేయించండి. అయినా తగ్గకపోతే ఫ్రేము సైజు పెద్దదై ఉండొచ్చు.

దిగుడులో బ్రేకు పట్టడం లేదు

రిమ్ము బ్రేకైతే బురద, దుమ్ము పట్టిన రిమ్ము మీద రబ్బరు జారుతుంది. ఫ్రేముకి డిస్కు బిగించే చోటు లేకపోతే సైకిల్ మార్చడమే దారి. డిస్కు ఉండి కీచుమంటుంటే మాత్రం చైనుకి వేసిన నూనె దాని మీద పడిందేమో చూడండి. డిస్కుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. నూనె పీల్చిన ప్యాడ్‌లు మళ్ళీ పట్టు ఇవ్వవు, కొత్తవి వేయించండి.