అమెరికా ఎన్నికల లెక్కలు చదవడం, నాలుగో పాఠం: కాకస్‌లో తలల లెక్క

ముందు గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం సంగతి తేల్చేద్దాం. 2008లో టెక్సస్ డెమొక్రాటిక్ ప్రైమరీలో (పార్టీ తరఫు అధ్యక్ష అభ్యర్థి కోసం బ్యాలెట్‌తో జరిగే ఓటింగ్‌లో) గెలిచింది హిల్లరీ క్లింటన్. మరి ఆ రాష్ట్రం నుంచి ఎక్కువ డెలిగేట్లు (అభ్యర్థిని ఖాయం చేసే పార్టీ జాతీయ సదస్సుకు వెళ్ళే ప్రతినిధులు) బరాక్ ఒబామాకు ఎలా వచ్చారు?

అప్పట్లో అక్కడ రెండంచెల పద్ధతి ఉండేది. పగలు ప్రైమరీలో ఓటేయాలి. ఓపిక, తీరిక ఉన్నవాళ్ళు పోలింగ్ ముగిశాక మళ్ళీ వచ్చి కాకస్‌లో, అంటే పార్టీవాళ్ళు ఒకచోట కూడి ఎవరు ఎవరి వైపో తేల్చే సమావేశంలో, కూర్చోవాలి. ప్రైమరీ వాటాలో క్లింటన్‌కు 65 మంది, ఒబామాకు 61 మంది డెలిగేట్లు. కాకస్ వాటాలో క్లింటన్‌కు 29, ఒబామాకు 38. కూడితే 94, 99. ఈ రెండు అంకెలూ రాబట్టినవాళ్ళకు పూర్తి మార్కులు. "రాత్రి మళ్ళీ రావడం అందరికీ కుదురుతుందా?" అని పక్కన రాసుకున్నవాళ్ళు ఇవాళ్టి పాఠం సగం చదివేసినట్టే.

ఇవాళ నేర్చుకునే పని ఒకటే. ఒక కాకస్ గదిలో ఎంతమంది ఎటు నిలబడ్డారో చెబితే, ఎవరికి ఎన్ని డెలిగేట్లో కాగితం మీద లెక్కగట్టడం. అది చేతికొస్తే కాకస్ న్యాయమా, ప్రైమరీ న్యాయమా అన్న వాదనలో మీ మాట మీరు చెప్పగలరు. పెన్ను తీసుకోండి, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

గది ఎలా ఉండేదో ముందు చూడాలి. మా వదినకు పౌరసత్వం వచ్చాక మొదటిసారి పాల్గొన్నది 2020 ఫిబ్రవరి 3న, అయోవా రాష్ట్రంలో, డెమోయిన్ దగ్గర ఒక హైస్కూల్ జిమ్‌లో. సోమవారం, రాత్రి ఏడు గంటలకు. బయట చలి. పాపను పక్కింటివాళ్ళ దగ్గర వదిలి వెళ్ళింది. లోపల బాస్కెట్‌బాల్ కోర్టులో ఒక్కో మూల ఒక్కో అభ్యర్థి పేరుతో అట్టలు. ఎవరు కావాలో వాళ్ళ మూలకు వెళ్ళి నిలబడటమే ఓటు. చేతిలో ఒక కార్డు, దాని మీద పేరు రాసి సంతకం. వదిన ఎమీ క్లోబుచార్ మూలకు వెళ్ళింది. లెక్కపెట్టారు. గుంపు చెల్లడానికి నలుగురు తక్కువయ్యారు. ఇక చూడండి, వాళ్ళ వీధి చివరింటాయన పీట్ బుటిజెజ్ మూల నుంచి నవ్వుకుంటూ వచ్చి, "మా వైపు రండి" అని పావుగంట బతిమాలాడు. రోజూ కుక్కను తిప్పుతూ కనిపించే మనిషి! కాదనలేక వెళ్ళానని వదిన ఇప్పటికీ చెబుతుంది. రహస్య ఓటు ఎందుకు పెట్టారో ఆ పావుగంటలో తెలిసొచ్చిందట.

ఇప్పుడు లెక్క. 2020 నాటి అయోవా డెమొక్రాట్ల రూళ్ళతో, మనం ఊహించుకున్న ఒక ప్రెసింక్ట్ తీసుకుందాం. ప్రెసింక్ట్ అంటే మన పోలింగ్ బూత్ పరిధి లాంటిది. వచ్చినవాళ్ళు 110 మంది. ఆ గదికి కేటాయించిన డెలిగేట్లు 6 (వీళ్ళు వెళ్ళేది ముందు కౌంటీ స్థాయి పార్టీ సదస్సుకు, నేరుగా జాతీయ సదస్సుకు కాదు). మొదటి విడతలో ఐదుగురు అభ్యర్థుల మూలల్లో ఇలా నిలబడ్డారు: 'అ' 42, 'ఆ' 31, 'ఇ' 19, 'ఈ' 12, 'ఉ' 6.

మొదటి మెట్టు, గీత కట్టడం. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ డెలిగేట్లున్న గదిలో 15 శాతం మంది లేని గుంపు చెల్లదు. 110లో 15 శాతం 16.5. సగం మనిషి ఉండడు కాబట్టి పైకే తీసుకోవాలి: 17. అ, ఆ, ఇ గీత దాటాయి, వాళ్ళు ఇక కదలకూడదు. 'ఈ', 'ఉ' గుంపుల్లోని 18 మందికి రెండో అవకాశం.

రెండో మెట్టు, మళ్ళీ సర్దుకోవడం. 'ఈ' గుంపులో తొమ్మిదిమంది 'ఇ' వైపు వెళ్ళారు, ముగ్గురు విసుగొచ్చి ఇంటికెళ్ళిపోయారు. 'ఉ' గుంపులో ఆరుగురూ 'ఆ' వైపు వెళ్ళారు. ఇప్పుడు అ 42, ఆ 37, ఇ 28.

మూడో మెట్టు, అసలు సూత్రం. గుంపులోని తలలను డెలిగేట్ల సంఖ్యతో గుణించి, మొదట వచ్చిన మొత్తం జనంతో భాగించాలి. ఇంటికెళ్ళినవాళ్ళను తీసేయకూడదు, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. అ: 42 × 6 ÷ 110 = 2.29. ఆ: 2.02. ఇ: 1.53. దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే 2, 2, 2.

ఒక్క నిమిషం ఆగి ఆ మూడు రెళ్ళను చూడండి. 42 మందికీ రెండే, 28 మందికీ రెండే. ఎవరూ మోసం చేయలేదు, రూలు ప్రకారమే జరిగింది. గదిలో డెలిగేట్లు తక్కువయ్యేకొద్దీ సవరింపు దెబ్బ గట్టిగా తగులుతుంది. 2020లో ఇలాంటి గదులు అయోవా నిండా పదహారు వందలకు పైగా ఉండేవి. ఏ గదికి ఎన్ని డెలిగేట్లన్నది ఆ రాత్రి ఎంతమంది వచ్చారన్న దాన్ని బట్టి ఉండేది కాదు, గత ఎన్నికల్లో అక్కడ పార్టీకి పడ్డ ఓట్లను బట్టి ముందే ఖాయం చేసేవారు. జనం కిక్కిరిసిన గదిలో ఒక్కో తల విలువ పడిపోయేది.

2020 అయోవా ఫలితం ఈ కళ్ళతో చదవండి. గదుల నుంచి లెక్కలు పంపే యాప్ మొరాయించి ఫలితాలు ఆ రాత్రి రాకపోవడమే అందరికీ గుర్తుంది. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది వేరు. మొదటి విడత తలల్లో బెర్నీ శాండర్స్‌కు సుమారు ఆరు వేల ఆధిక్యం. సర్దుబాటు తర్వాత కూడా రెండు వేలకు పైగా ఆధిక్యం. జాతీయ సదస్సుకు డెలిగేట్లు మాత్రం బుటిజెజ్‌కు 14, శాండర్స్‌కు 12.

అయితే కాకస్ పక్షాన ఒక గట్టి మాట ఉంది. మన లెక్కలో 'ఈ', 'ఉ' గుంపుల 18 మందికి రెండో ఇష్టం చెప్పే వీలు దొరికింది. డెమొక్రాట్ల ప్రైమరీలోనూ 15 శాతం గీత ఉంది, అక్కడ మాత్రం గీత దాటని ఓటు చెత్తబుట్టలోకే. 2020లో బుటిజెజ్ మార్చి 1న, క్లోబుచార్ 2న తప్పుకున్నారు. 3న సూపర్ ట్యూజ్‌డే, పద్నాలుగు రాష్ట్రాల్లో ప్రైమరీలు. వాళ్ళిద్దరికీ అప్పటికే పోస్టులో ఓటేసి పంపినవాళ్ళు ఏం చేస్తారు? చేసేదేమీ లేదు. కాకస్ గదిలోనైతే అవతలి మూలకు నడిచి వెళ్ళేవారు.

ఇంత మంచి ఉన్నా నేను ప్రైమరీ వైపే ఉంటాను. నన్ను ఒప్పించింది వాషింగ్టన్ రాష్ట్రం. సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో మనవాళ్ళు బోలెడుమంది ఉంటారు కదా, ఆ రాష్ట్రమే. 2016లో అక్కడ డెమొక్రాట్లకు రెండూ జరిగాయి. మార్చి 26న కాకస్: దాదాపు 2,30,000 మంది వచ్చారు, శాండర్స్‌కు 74 డెలిగేట్లు, క్లింటన్‌కు 27. మే 24న ప్రభుత్వం నిర్వహించిన ప్రైమరీ: ఇంటికే వచ్చే బ్యాలెట్, సుమారు 8 లక్షల మంది ఓటేశారు, క్లింటన్ 52 శాతంతో గెలిచారు. పార్టీ కాకస్‌నే లెక్కలోకి తీసుకుంది, ప్రైమరీ ఫలితానికి విలువ లేదు. నెబ్రాస్కాలోనూ ఆ ఏడాది ఇదే తంతు. కాకస్‌లో శాండర్స్, రెట్టింపు కంటే ఎక్కువమంది ఓటేసిన ప్రైమరీలో క్లింటన్.

తొందరపడి "కాకస్ తప్పుడు ఫలితం ఇచ్చింది" అని రాసేయకండి. రెండింటికీ మధ్య రెండు నెలల తేడా ఉంది, మే నాటికి పోటీ దాదాపు తేలిపోయింది, విలువ లేదని తెలిసిన ఓటును జనం ఎంత శ్రద్ధగా వేస్తారో చెప్పలేం. తలుపు దగ్గర ఆగిపోయినవాళ్ళ సంగతి మాత్రం దాచలేం. రెండో షిఫ్టు నర్సు, చంటిబిడ్డ తల్లి, వీల్‌చైర్‌లో ఉన్న పెద్దాయన, శనివారం కూడా కొట్టు తెరవాల్సినవాడు. వీళ్ళెవరూ మన 110లో ఉండరు. సూత్రం ఎంత చక్కగా ఉన్నా, గదిలోకి రాని మనిషిని అది లెక్కపెట్టలేదు. వాషింగ్టన్ డెమొక్రాట్లు 2020కి కాకస్ మానేసి ప్రైమరీకి మారారు. అప్పుడు ఓటేసినవాళ్ళు 15 లక్షల పైమాటే.

(మన దగ్గర ఈ గొడవే లేదు. బీ-ఫారం ఎవరికన్నది పార్టీ ఆఫీసులోనే తేలుతుంది, మూలన నిలబడే అవకాశం కూడా మనకు లేదు.)

రిపబ్లికన్ల కాకస్ వేరే రకం: అయోవాలో వాళ్ళు మూలల్లో నిలబడరు, చీటీ మీద పేరు రాసి వేస్తారు. 2012లో ఆ చీటీల లెక్కలోనే ముందు మిట్ రామ్నీ 8 ఓట్లతో గెలిచారని ప్రకటించి, తర్వాత రిక్ శాంటోరమ్ 34 ఓట్లతో ముందున్నారని చెప్పారు. చివరికి జాతీయ సదస్సులో అయోవా డెలిగేట్లలో ఎక్కువమంది మూడో స్థానంలో వచ్చిన రాన్ పాల్ వైపే. అదెలా జరిగిందో ఐదో పాఠంలో విడమరిచి చెబుతాను.

అభ్యాసం: గదిలో 40 మంది, డెలిగేట్లు 4. మొదటి విడతలో అ 18, ఆ 11, ఇ 6, ఈ 5. ముందుగా గీత ఎంతో కట్టండి. ఆ తర్వాత రెండు సార్లు లెక్క చేయండి: ఒకసారి 'ఈ' గుంపు ఐదుగురూ ఇంటికెళ్ళారనుకుని, ఇంకోసారి ఐదుగురూ 'ఆ' వైపు చేరారనుకుని. రెండోసారి సవరించిన అంకెలు కూడితే 5 వస్తుంది, ఉన్నవి 4. తప్పు చేశామని కంగారుపడకండి, నిజమైన గదుల్లోనూ ఇలాగే అయ్యేది. పైకి సవరించినవాటిలో దశాంశం అతి తక్కువగా ఉన్న గుంపు ఒకటి వదులుకోవాలి. చేతిలో ఒక్కటే ఉన్న గుంపు నుంచి మాత్రం దాన్ని తీసుకోకూడదు. ఎవరి డెలిగేట్ పోతుందో, ఆ ఐదుగురు నడిచినందుకు 'ఆ' గుంపుకు ఏమైనా ఒరిగిందో రాసి ఉంచండి.