తపాలా బిళ్ళలపై కాలగణన – 3వ పాఠం: రేఖాంశాల పుటను కూర్చడం

బిళ్ళను పటకారుతో పట్టుకోవడం, అంచు రంధ్రాలను కొలవడం గత పాఠాలలో నేర్చుకున్నాము. ఈసారి బ్రిటన్ విడుదల చేసిన రెండు స్మారక శ్రేణులతో ఒక ఆల్బమ్ పుటను కూర్చుదాము. మొదటిది గ్రీనిచ్ ప్రధాన రేఖాంశం శతాబ్ది సందర్భంగా 1984లోను, రెండవది నౌకపై రేఖాంశం తెలుసుకోవడానికి వాడే సముద్ర గడియారాల నిర్మాత జాన్ హారిసన్ త్రిశతజయంతికి 1993లోను వెలువడ్డాయి. ఒక్కొక్క శ్రేణిలో నాలుగేసి బిళ్ళలున్నాయి.

విడుదల తేదీల వరుసలో అమర్చితే చరిత్ర తలకిందులవుతుంది. హారిసన్ నాలుగవ గడియారం, అంటే హెచ్-4, 1759లో పూర్తికాగా, గ్రీనిచ్ రేఖను వాషింగ్టన్ సమావేశం 1884లో ఆమోదించింది. కాబట్టి 1993 బిళ్ళలకే పై వరుస ఇవ్వండి. 24 పెన్నీల బిళ్ళపై ఎనామెల్ ముఖఫలకం, 39 పెన్నీల బిళ్ళపై యంత్రం వెనుక భాగం ఉంటాయి. గడియారాన్ని పొరపొరగా విప్పి చూపే ఈ శ్రేణికి ధరల క్రమమే సరైన క్రమం.

వీటిలో నేను ఎక్కువ చోటు కేటాయించేది 33 పెన్నీల బిళ్ళకు. దానిపై తులాచక్రం (అటూ ఇటూ ఊగుతూ గడియారం వేగాన్ని నిలకడగా ఉంచే చక్రం), స్ప్రింగు, ఉష్ణోగ్రతా ప్రభావాన్ని సరిచేసే పట్టీ కనిపిస్తాయి. వేడికి స్ప్రింగు బిగువు తగ్గి గడియారం నెమ్మదిస్తుంది కనుక, ఇత్తడిని, ఉక్కును కలిపి చేసిన పట్టీ వంగి ఆ లోపాన్ని సవరిస్తుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, 4 సెకన్ల తప్పు భూమధ్యరేఖ దగ్గర సుమారు 1.85 కిలోమీటర్ల తప్పవుతుందని బిళ్ళ కింద రాస్తే, ఆ చిన్న పట్టీ నావికుడికి ఎంత అవసరమో చదువరికి తెలుస్తుంది. హారిసన్ జీవితచరిత్రంతా అక్కడ ఎక్కించకండి. బిళ్ళపై కనిపించని విషయం పుటకు బరువే.

1984 శ్రేణిని మాత్రం ధరల క్రమానికి ఎదురుగా పెట్టడమే నాకు సబబనిపిస్తుంది. 31 పెన్నీల బిళ్ళపై రేఖను నిర్ణయించిన, ఖగోళ శాస్త్రజ్ఞుడు జార్జ్ ఎయిరీ దూరదర్శిని, 28పై వేధశాల, 20½పై ఇంగ్లీషు ఛానల్ పటం, 16పై అపోలో 11 నుంచి కనిపించిన భూమి ఉన్నాయి. ఇలా పేర్చితే పై వరుసలో గడియారం లోపలికి వెళ్ళిన చూపు, కింది వరుసలో దూరదర్శిని నుంచి భూగోళం దాకా విస్తరిస్తుంది.

అభ్యాసం: భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు చేరువలో సాగుతుంది. గ్రీనిచ్‌కు మనకు మధ్యనున్న వ్యవధి 5½ గంటలు ఎలా అయిందో లెక్కగట్టి, 31 పెన్నీల బిళ్ళ కింద పట్టేటట్లు రెండు వాక్యాలలో రాయండి.