మిడ్స్ మార్కులు చూసి పాసైపోయామనుకోకండి

భీమవరం, అమలాపురం, రాజమండ్రి సైడ్ ఈ ఏడాది బీటెక్‌లో చేరినవాళ్ళకి ఒక మాట, ముందు మీ రెగ్యులేషన్, అంటే మీ బ్యాచ్‌కి వర్తించే పరీక్షల రూల్స్ ఏవో కనుక్కోండి. జేఎన్‌టీయూ కాకినాడ కిందున్న కాలేజీల్లో 2020లో చేరినవాళ్ళది ఆర్20, 2023లో చేరినవాళ్ళది ఆర్23, అటానమస్ (పరీక్షలు సొంతంగా పెట్టుకునే) కాలేజీ అయితే దానికే సొంత రూల్స్ ఉంటాయి, అందుకే సీనియర్ అన్నయ్య చెప్పింది మీకు వర్తించకపోవచ్చు. ఆ రూల్స్ పీడీఎఫ్ యూనివర్సిటీ లేదా కాలేజీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, దింపుకుని ఒక్కసారి పూర్తిగా చదవండి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఆర్20, ఆర్23 రెండిట్లోనూ థియరీకి ఇంటర్నల్ (మిడ్స్, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలవి) 30, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్షది) 70. మొత్తం 40 వస్తే చాలనుకుంటారు గానీ ఎక్స్‌టర్నల్‌లో విడిగా 35 శాతం, అంటే 25 రావాలి. ఇంటర్నల్ 26 ఉండి ఎక్స్‌టర్నల్‌లో 24 వస్తే టోటల్ 50 అయినా ఫెయిలే, చూస్తే బాధేస్తుంది నిజంగా. రెండు మిడ్స్‌లో ఎక్కువొచ్చినదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం లెక్క, ఒకటి 28 ఒకటి 18 అయితే 26 వస్తుంది, కాబట్టి మొదటి మిడ్ పోయిందని డీలా పడొద్దు, రెండోది గట్టిగా రాయండి.

హాజరు 75 శాతం ఉండాలి. 65 దాటితే సరైన కారణం చూపించి ఫీజు కట్టి కండొనేషన్ (హాజరు తక్కువైనా మినహాయింపు) అడగొచ్చు, ఆ కిందకెళ్తే డిటెన్షనే, అంటే ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాల్సిందే, సంక్రాంతికి ఊరెళ్ళి పందేలు, తిరునాళ్ళు అంటూ అదనంగా ఉండిపోయేవాళ్ళు వెళ్ళేముందే పర్సెంటేజ్ చూసుకోండమ్మా.