కంటికి కనపడని తీగ ముక్క

విరాళాల కోసం పెట్టిన 100 కిలోమీటర్ల సైకిల్ రైడ్‌కి పేరిచ్చాను. ముందు రోజు రాత్రి స్నేహితులు రమ్మంటే సంగీత కచేరీకి వెళ్లాను. (చివరి పాట దాకా నిలబడే ఉన్నాను, అది వేరే తప్పు.) బయటికొచ్చి చూస్తే సైకిల్ వెనక చక్రంలో చుక్క గాలి లేదు. ఆ వారంలో అది మూడోసారి.

మొదటి రెండుసార్లూ కొత్త ట్యూబ్ వేసి చేతులు దులుపుకున్నాను. ఈసారి సైకిల్‌ని ఇంటిదాకా నడిపించుకొచ్చి, పాత ట్యూబులు కూడా వెతికి తీసి, గాలి కొట్టి నీళ్లలో ముంచాను. పక్కపక్కనే రెండు చిల్లులుంటే, గాలి తక్కువై గుంతలో ట్యూబ్ రిమ్ముకి తగిలి నలిగిందని అర్థం. నా మూడింటిలోనూ ఒక్కటే చిల్లు, అదీ టైరు వైపు. వాల్వ్ నుంచి కొలిస్తే మూడూ దాదాపు ఒకే దూరం! అంటే గుచ్చుతున్నదేదో టైరులోనే ఉండిపోయింది.

టైరు లోపల సరిగ్గా ఆ చోట పాత గుడ్డతో తుడిచాను. గుడ్డ పోగు దేనికో చిక్కుకుంది. వేలు మాత్రం పెట్టకండి, నేను పెట్టి కోసుకున్నాను. వెంట్రుకంత సన్నటి ఇనుప తీగ. పట్టకారుతో లాగేశాను. ట్యూబ్‌ని గరుకు కాగితంతో రుద్ది, జిగురు రాసి, తడి ఆరేదాకా ఆగి ప్యాచ్ అంటించాను. ఆ ఆగడానికే నాకు ఓపిక చాలదు. టైరు పక్కన అచ్చేసి ఉన్న అంకె చూసి గాలి కొట్టాను.

నిద్ర మూడు గంటలే. టైరు 100 కిలోమీటర్లూ నిలబడింది. నా మోకాళ్ల సంగతి అడగొద్దు.