రియాలిటీ షోలో జాతి వివక్షను పిల్లలతో కలిసి గుర్తుపట్టడం ఎలా?

లండన్ శివార్లలో ఆదివారం తెలుగు క్లాసు నడుపుతూ ఏళ్ల తరబడి ఈ పని చేయిస్తున్నాను. పెద్దవాళ్లు దీన్ని పాడుచేయడం చూసి విసుగొచ్చింది. క్లిప్ మొదలైన ఐదు నిమిషాలకే "చూశారా, మనమంటే ఎంత చులకనో" అని అందుకుంటారు. పిల్లలు తలూపి ఊరుకుంటారు.

కావలసినవి టీవీ, నోట్‌బుక్, పెన్. ఫోన్‌లో చూపించొద్దు, మొహాలు కనపడవు. పది నిమిషాలు మించొద్దు. మొదటిసారి తీసుకోవాల్సింది 2007 జనవరిలో బ్రిటన్ చానల్ 4లో వచ్చిన సెలబ్రిటీ బిగ్ బ్రదర్, మన బిగ్ బాస్‌కు మూలమైన షో. మన సినిమా నటి శిల్పా శెట్టి, బ్రిటన్ రియాలిటీ షోలతో పేరు తెచ్చుకున్న జేడ్ గుడీ ఉన్న సీజన్ అది.

ఒకసారి మాట్లాడకుండా చూడనివ్వండి. రెండోసారి ఎవరేమన్నారో అన్నది అన్నట్టు రాయించండి. "అవమానించింది" అని రాస్తే కొట్టేయించండి. నోట్లోంచి వచ్చిన మాటే కావాలి.

ఇక అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది: ఆ మాటల్లో ఏది మామూలు కొట్లాట, ఏది జాతిని అన్నది?

జేడ్, శిల్ప ఓక్సో క్యూబ్‌ల మీద అరుచుకున్నారు. సూపుల్లో రుచి కోసం వేస్తారు కదా, అవే. అరుపుల్ని వివక్ష అని రాయనివ్వకండి. ఒకే వంటగది వాడుకునే వాళ్లెవరైనా అలా అరుచుకుంటారు. కానీ తర్వాత శిల్ప పేరు పక్కన జేడ్ "పాపడమ్" తగిలించింది. ఓసారి పదమూడేళ్ల అబ్బాయి ఆ మాట రాసి, పెన్ మూత కొరుకుతూ అడిగాడు: "అప్పడం తిట్టు కాదు కదా అంకుల్? మేం పప్పన్నంలో నంజుకుంటాం."

ఈ ప్రశ్న వచ్చినప్పుడు తొందరపడి జవాబు చెప్పకండి. శిల్ప పేరు తీసేసి నీ పేరు పెట్టి చూడు అన్నాను. పెట్టాడు. అతికింది. పక్కనున్న అమ్మాయి పేరు పెట్టాడు, అదీ అతికింది. నా పేరూ అతికింది. వాడు పెన్ కింద పెట్టేశాడు. శిల్ప చేసిన పనితో సంబంధం లేకుండా గదిలో అందరికీ అతికిందంటే, అది ఆమెను అన్న మాట కాదు, జాతిని అన్నది. అదే షోలో ఇంకో పోటీదారు, చేత్తో తినేది ఇండియాలోనా, చైనాలోనా అంది. దేశమే గుర్తులేనప్పుడు ఎదురుగా ఉన్న మనిషి ఇంకెక్కడ కనిపిస్తుంది?

కొందరు యాస, తిండి, బట్టలు అని ముందే జాబితా ఇచ్చి టిక్కులు పెట్టిస్తారు. అలా చేయకండి. జాబితాలో లేనిది పిల్లల కంట పడదు. పేరు మార్చి చూడటమే సరైన పద్ధతి.

ఇక్కడే ఇంకో చిక్కుంది. జేడ్ జాతి వివక్షతో అన్నదని తాను అనుకోవడం లేదని శిల్పే తర్వాత చెప్పింది. "అయితే అయిపోయినట్టేగా" అంటారు పిల్లలు. కాలేదు. క్షమించడం ఆమె ఇష్టం, మాట మాత్రం అక్కడే ఉంది. ప్రసారాలను పర్యవేక్షించే ఆఫ్‌కామ్‌కు 44 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. అదే ఏడాది మేలో అది తప్పుపట్టింది చానల్ 4ని. ఇది తప్పకుండా రాయించండి. బిగ్ బ్రదర్ ఇంట్లో ఎవరో అన్న మాటను ఎలా చూపించాలో తేల్చింది చానల్ కాబట్టి.

శిల్ప 63 శాతం ఓట్లతో గెలిచిందనగానే చప్పట్లు కొడతారు. కొట్టనివ్వండి. కానీ చాలామంది టీచర్లు అక్కడే టీవీ కట్టేస్తారు. అది పెద్ద తప్పు. వెంటనే 2021 నాటి హిందీ డ్యాన్స్ షో డ్యాన్స్ దీవానే 3 క్లిప్ పెట్టాలి. గువాహటి నుంచి వచ్చిన చిన్నపిల్లను స్టేజి మీదకు పిలుస్తూ మన హోస్టే మోమో (ఆవిరి మీద ఉడికించే, లోపల కూర పెట్టిన పిండి వంటకం) అన్నాడు, అర్థంలేని చైనీస్ శబ్దాలు చేశాడు. అస్సాం ముఖ్యమంత్రి హిమంత బిశ్వ శర్మ ఖండించారు. ఆ పాపే సరదాగా అలా మాట్లాడుతుందని హోస్ట్ వివరణ ఇచ్చుకున్నాడు. పిల్లల్ని మళ్లీ పేరు మార్చి చూడమనండి. అస్సాం నుంచి వచ్చిన ఇంకే పిల్ల పేరు పెట్టినా "మోమో" అతుకుతుందా, లేదా?

జవాబు మీరు చెప్పకండి. ఒకే పేజీలో ఎడమవైపు అప్పడం, కుడివైపు మోమో రాయించి, రెండింటి కిందా ఎవరి పేర్లు అతికాయో వాళ్లనే నింపనివ్వండి. ఆ పేజీ పూర్తయ్యేదాకా ఎవరినీ ఇంటికి పంపొద్దు.